వార్డులో రక్తం ఎక్కించేటప్పుడు హౌస్‌సర్జన్ ఏమేం చూసుకోవాలి?

హౌస్‌సర్జన్, గైనిక్ పోస్టింగ్:
వచ్చే వారం నుంచి నైట్ డ్యూటీలు. శాంపిల్ తీయడం, బ్యాగ్ పెట్టడం, మొదటి పావుగంట దగ్గరుండడం మా పనే అన్నారు. రియాక్షన్ల రకాలు చదివాను గానీ బ్యాగ్ చేతికొచ్చాక వరసగా ఏం చేయాలో తెలియడం లేదు. క్రాస్‌మ్యాచ్ అయిపోయాక మళ్లీ మంచం దగ్గర సరిచూడటం ఎందుకు? ముందే ఆవిల్ (అలర్జీ మందు), ఎఫ్‌కార్లిన్ (స్టెరాయిడ్) ఇవ్వాలా? బ్యాగ్ చల్లగా ఉంటే వేడినీళ్లలో పెట్టొచ్చా?

బ్లడ్‌బ్యాంక్ మెడికల్ ఆఫీసర్:
మీరు పంపిన ట్యూబులోని రక్తానికి ఈ బ్యాగ్ సరిపోతుందా లేదా, క్రాస్‌మ్యాచ్ చెప్పేది అంతే. ఆ ట్యూబులో ఉన్నది ఎవరి రక్తమో మాకు తెలియదు. 7వ మంచం లక్ష్మి పేరు రాసిన ట్యూబులోకి 9వ మంచం లక్ష్మి రక్తం వెళ్తే, మా పరీక్షలన్నీ చక్కగా కుదురుతాయి, బ్యాగ్ తప్పు మనిషికి ఎక్కుతుంది. పాత గ్రూపు రికార్డు ఉంటేనే అక్కడ పట్టుకోగలం. అందుకే మొదటిసారి వచ్చిన పేషెంటుకి గ్రూపు కోసం విడిగా రెండో శాంపిల్ అడుగుతాం, విసుక్కోకండి.

ముందే లేబుళ్లు అంటించిన ట్యూబులు ట్రేలో పెట్టుకుని వార్డంతా తిరగొద్దు. ఒకరికి రక్తం తీసి, ఆ మంచం పక్కనే పేరు, ఐపీ (అడ్మిషన్) నంబరు రాసి సంతకం పెట్టాకే ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి. "మీరు లక్ష్మేనా?" అంటే మగతలో ఉన్నావిడ ఊ అంటుంది. "మీ పేరేంటమ్మా, మీ ఆయన పేరేంటి?" అని అడగండి.

ఎక్కించే ముందు ఇద్దరు మంచం దగ్గరే నిలబడి చూడాలి, నర్సింగ్ స్టేషన్‌లో కాదు. ఆమె చెప్పిన పేరు, చేతి పట్టీ, బ్యాగ్ యూనిట్ నంబరు, గ్రూపు, ఎక్స్‌పైరీ, క్రాస్‌మ్యాచ్ రిపోర్టు, అన్నీ ఒకదానికొకటి కలవాలి. గడ్డలు, లీకు, రంగు తేడా కనిపిస్తే వెనక్కి పంపేయండి.

స్టాఫ్ నర్స్, ఐసీయూ:
వేడినీళ్ల బకెట్ వద్దే వద్దు డాక్టర్ గారూ. 42 డిగ్రీలు దాటితే కణాలు పగులుతాయి, పోర్టులో నీళ్లు చేరితే ఇన్‌ఫెక్షన్. నెమ్మదిగా ఇచ్చే ఒక్క బ్యాగుకి వేడి చేయక్కర్లేదు. వేగంగా చాలా యూనిట్లు ఇవ్వాల్సొస్తే బ్లడ్ వార్మర్ వాడాలి.

బ్యాగ్ తెప్పించే ముందే 18 లేదా 20 గేజ్ (సూది సైజు) లైను ఆడుతోందో లేదో చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో అయిపోవాలి. మొదలుపెట్టడం కుదరకపోతే ఆ 30 నిమిషాల్లోపే బ్లడ్‌బ్యాంక్‌కి తిరిగి పంపండి. వార్డు ఫ్రిజ్‌లో దాచకండి, ఫ్రీజర్ గోడకి ఆనుకుంటే రక్తం ఐసులా గడ్డకట్టి పాడవుతుంది. ప్లేట్‌లెట్లయితే అసలు ఫ్రిజ్‌లోనే పెట్టకూడదు.

ఫిల్టరున్న బీటీ (రక్తం ఎక్కించే) సెట్టే వాడాలి. అదే లైన్లో ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రవం) వద్దు, అందులోని కాల్షియంతో సెట్‌లో గడ్డలు కడతాయి. డెక్స్‌ట్రోజ్‌లో కణాలు ఉబ్బి పగులుతాయి. నార్మల్ సెలైన్ ఒక్కటే. బ్యాగులో ఏ మందూ కలపొద్దు.

మొదటి 15 నిమిషాలు నిమిషానికి 1-2 మి.లీ. సెట్ కవరు మీద 20 చుక్కలకు 1 మి.లీ. అని ఉంటే 20-40 చుక్కలన్నమాట. టెంపరేచర్, పల్స్, బీపీ, శ్వాస ముందొకసారి, 15 నిమిషాలకు, తర్వాత గంటగంటకూ, అయ్యాక మరోసారి.

హౌస్‌సర్జన్:
థాంక్స్ మేడమ్. చలి, జ్వరం మొదలైతే రేటు తగ్గించి చూడొచ్చా?

అనస్థీషియా, అసిస్టెంట్ ప్రొఫెసర్:
తగ్గించడం కాదు తమ్ముడూ, ఆపేయాలి. మామూలు ఫెబ్రైల్ (జ్వరం) రియాక్షన్, గ్రూపు తేడా, బ్యాగులో బ్యాక్టీరియా, మూడూ చలిజ్వరంతోనే మొదలవుతాయి. అప్పుడే వాటిని వేరు చేయలేవు. గ్రూపు తేడా అయితే కొద్ది మిల్లీలీటర్లకే హీమోలిసిస్ (ఎర్రకణాలు పగలడం) మొదలవుతుంది, ఇంకా ఎక్కే ప్రతి చుక్కా కిడ్నీల మీద పడుతుంది. సెట్ మొత్తం తీసి కొత్త సెట్‌తో సెలైన్ పెట్టు, సీనియర్‌ని పిలువు, పేరూ నంబర్లూ మళ్లీ సరిచూడు. నడుము నొప్పి, సూది దగ్గర మంట, ఎర్రటి యూరిన్, బీపీ పడటం ఉన్నాయా చూడు. మత్తులో ఉన్న పేషెంటు ఏమీ చెప్పలేదు. అక్కడ కారణం లేకుండా బీపీ పడిపోవడం, కోసినచోటల్లా రక్తం ఊరడం, యూరిన్ బ్యాగు ఎర్రబడటమే గుర్తులు.

వేరే ఏ లక్షణమూ లేకుండా దురద, దద్దుర్లు మాత్రమే అయితే ఆపి, ఆవిల్ ఇచ్చి, తగ్గాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. అందరికీ ముందే ఆవిల్, ఎఫ్‌కార్లిన్ ఇవ్వనక్కర్లేదు. అవి గ్రూపు తేడాని ఆపవు. పైగా ఆవిల్ మగతలో పేషెంటు తన బాధ చెప్పుకోలేదు.

మీ వార్డులో నాకు ఎక్కువ భయం టాకో (ఎక్కించిన రక్తం భారమై ఊపిరితిత్తుల్లో నీరు చేరడం) గురించే. హిమోగ్లోబిన్ 4 ఉన్న గర్భిణికి రక్తస్రావం లేకపోయినా రెండు బ్యాగులు వరసగా పరుగెత్తిస్తే గుండె తట్టుకోదు. ఒక్కొక్క యూనిట్, నెమ్మదిగా, మధ్యలో ఊపిరితిత్తులు విని. ఆయాసంతో బీపీ పెరిగితే ఆపి కూర్చోబెట్టి ఆక్సిజన్, లాసిక్స్ (ఒంట్లో నీటిని యూరిన్‌గా పంపే మందు). ఆయాసంతో బీపీ పడితే ట్రాలీని (ఎక్కించిన రక్తానికి రియాక్షన్‌గా ఊపిరితిత్తులు దెబ్బతినడం) అనుమానించు, అక్కడ లాసిక్స్ పనిచేయదు. కాన్పు తర్వాత కారిపోతున్న రక్తం వేరే లెక్క, అక్కడ వేగమే కావాలి.

బ్లడ్‌బ్యాంక్ మెడికల్ ఆఫీసర్:
రియాక్షన్ వస్తే బ్యాగ్, సెట్ పారేయకుండా మాకు పంపండి. రెండో చేతి నుంచి తీసిన ఈడీటీఏ (గడ్డకట్టకుండా మందున్న ట్యూబు), ప్లెయిన్ (మందు లేని ట్యూబు) శాంపిళ్లు, రియాక్షన్ తర్వాత వచ్చిన మొదటి యూరిన్ కూడా కావాలి. దేశంలో హీమోవిజిలెన్స్ (రక్తం ఎక్కించినప్పుడు వచ్చే రియాక్షన్ల నమోదు) కార్యక్రమం 2012 నుంచి నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయలాజికల్స్ ద్వారా నడుస్తోంది, దాని ఫారం మా దగ్గర దొరుకుతుంది. మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, అప్పటికి ఎన్ని మి.లీ. వెళ్లిందో ఖాళీ వదలకుండా రాయండి.