ఎవ్‌హెన్ మార్చుక్ తన ఓటర్లను అమ్ముకున్నారా?

విన్నిత్సా_వైద్యుడు:
1963లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీలో చేరిన మార్చుక్, 1991లో స్వతంత్ర ఉక్రెయిన్ భద్రతా సంస్థ ఎస్‌బీయూకు తొలి అధిపతి అయ్యారు, 1995లో ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాదే అధ్యక్షుడు కుచ్మా ఆయన్ని తీసేశారు. 1999 ఎన్నికల్లో కుచ్మాను గద్దె దింపుతానని ఊరూరా తిరిగారు. అక్టోబరు 31న మొదటి రౌండులో 8 శాతం ఓట్లతో ఐదో స్థానంలో నిలిచారు. పది రోజులకే కుచ్మా చేతుల మీదుగా జాతీయ భద్రత, రక్షణ మండలి కార్యదర్శి పదవి పుచ్చుకున్నారు. నమ్మి ఓటేసినవాళ్లు 20 లక్షలకు పైనే. వాళ్లను అమ్ముకున్నారనే నేనంటాను.

విశ్రాంత_ఖాకీ:
డాక్టరు గారూ, ఓడిపోయిన మనిషి దగ్గర అమ్మడానికి ఏముంటుంది? రెండో రౌండులో కుచ్మాకు ఎదురు నిలిచింది కమ్యూనిస్టు సిమొనెంకో. మళ్లీ పాత రోజులు రాకూడదనుకున్నవాడికి వేరే దారేది?

విన్నిత్సా_వైద్యుడు:
తేదీలు చూడండి. నియామకం నవంబరు 10న, రెండో రౌండు నవంబరు 14న. ఓటర్లు ఇంకా పోలింగ్ కేంద్రానికి వెళ్లనేలేదు. ముందు పదవి, తర్వాత పోలింగ్. ఇది బేరం కాకపోతే మరేమిటి?

గోదారి_గట్టు:
కనీవ్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1999 ఆగస్టు 24న, స్వాతంత్ర్య దినం నాడు, ఉక్రెయిన్ జాతీయ కవి తరాస్ షెవ్చెంకో సమాధి ఉన్న ఆ ఊళ్లో కుచ్మాకు వ్యతిరేకంగా నలుగురు అభ్యర్థులు చేతులు కలిపారు. అక్టోబరు చివర్లో మార్చుక్‌నే ఉమ్మడి అభ్యర్థిగా ప్రకటించారు. ఆ నలుగురిలో ఒకరైన సోషలిస్టు నేత మొరోజ్ మాత్రం పోటీ నుంచి తప్పుకోనన్నారు. ముందు మాట తప్పింది ఎవరు?

విశ్రాంత_ఖాకీ:
అదీ సంగతి.

విన్నిత్సా_వైద్యుడు:
మొరోజ్ మాట తప్పితే మార్చుక్ తప్పు ఒప్పైపోతుందా? నా ప్రశ్న నవంబరు 10 గురించి. దానికి జవాబు చెప్పండి.

పాలమూరు_పాఠకుడు:
మా వార్డులో నేను ఎండలో గడపగడపకూ తిరిగి గెలిపించిన మనిషి, గెలిచిన నెలలోపే అవతలి పార్టీ కండువా కప్పుకున్నారు. అభివృద్ధి కోసమన్నారు. మా వీధి కాలువ ఇప్పటికీ పొంగుతూనే ఉంది. డాక్టరు గారి మాటే నా మాట.

విశ్రాంత_ఖాకీ:
మీ వార్డుకూ కీవ్‌కూ ఏం పోలిక? ఒక్క మాట అడుగుతాను. ఇదే పని ఒక వకీలో, ప్రొఫెసరో చేసి ఉంటే ఇంత కోపం వచ్చేదా? నేను నిఘా విభాగంలో పనిచేశాను. పదవీ విరమణ తర్వాత కాలనీ సంఘం ఎన్నికల్లో నిలబడితే, మా అందరి ఫైళ్లూ ఈయన దగ్గరున్నాయని ప్రచారం చేశారు. ఆ ఉద్యోగం చేసినవాడు ఏం చేసినా కుట్రేనా?

విన్నిత్సా_వైద్యుడు:
మీ ఖాకీని నేను ఒక్క మాటా అనలేదు. ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు మార్చుక్‌కు ఓటేశారు. నవంబరులో పోలింగ్ కేంద్రం గడప కూడా తొక్కలేదట. ఆ తర్వాత ఏ ఎన్నికకూ వెళ్లలేదు. ఆమెకు మీరేం చెబుతారు?

విశ్రాంత_ఖాకీ:
బయట నిలబడి అరిస్తే ప్రభుత్వం నడవదని చెబుతాను. లోపల కూర్చుని పని తెలిసి చేసేవాడు కావాలి. కేజీబీ నుంచి ఎస్‌బీయూను నిలబెట్టింది అలాంటివాడే. 2015 నుంచి, తూర్పు ఉక్రెయిన్ యుద్ధంపై జరిగిన మిన్స్క్ చర్చల్లో భద్రతా ఉపబృందంలో ఉక్రెయిన్ తరఫున కూర్చున్నదీ ఆయనే, డెబ్బై దాటిన వయసులో.

విన్నిత్సా_వైద్యుడు:
లోపల కూర్చుని ఏం ఆపారు? 2000 సెప్టెంబరులో జర్నలిస్టు గొంగాద్జె మాయమయ్యారు, తర్వాత తల లేని శవం దొరికింది. నవంబరు 28న పార్లమెంటులో మొరోజ్ లేచి, రహస్య టేపుల ఆధారంగా నేరుగా కుచ్మా పేరు చెప్పారు. మార్చుక్ 2003 వరకూ ఆ కుర్చీ వదల్లేదు. అక్కడి నుంచి రక్షణ మంత్రి పదవిలోకి వెళ్లారు.

విశ్రాంత_ఖాకీ:
ఆయన దిగిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. ఇంకా అధ్వానమైనవాడు వచ్చి కూర్చుంటాడు.

విన్నిత్సా_వైద్యుడు:
అంటే కుర్చీలో సమర్థుడుంటే చాలు, అక్కడికి ఏ మాట ఇచ్చి వచ్చాడన్నది అనవసరమంటారు.

విశ్రాంత_ఖాకీ:
దేశం కొత్తగా పుట్టి, పక్కన రష్యా ఉన్నప్పుడు, అవును, అదే అంటాను.

విన్నిత్సా_వైద్యుడు:
అలాంటి దేశంలోనే ఓటుకు ఇచ్చిన మాట నిలబడాలని నేనంటాను. ఇందులో మీకూ నాకూ కుదరదు.