ఒకే ఇన్‌బాక్స్‌లో వేల మెయిళ్లు పడితే అది స్పామా, దాడా?

క్యూ_కాపలా:
ఒక్క గంటలో వేలకొద్దీ మెయిళ్లు పడగానే కొందరు డినయల్ ఆఫ్ సర్వీస్ దాడి (సేవ అందకుండా ముంచెత్తే దాడి) అని టెన్షన్ పడిపోతున్నారు. నా లెక్కలో అది స్పామే. సర్వర్ నడుస్తూనే ఉంది కదా, ఇక సేవ ఎక్కడ ఆగినట్టు?

లాగ్_చదువరి:
సర్వర్ నడిస్తే సరిపోతుందాండీ? ఆ మనిషి తనకు కావలసిన మెయిల్ చూసుకోలేకపోతే సేవ ఆగినట్టే. స్పామర్‌కి మీరు మెయిల్ తెరవాలి, లింకు నొక్కాలి. అందుకే ఒకే సరుకు లక్షల మందికి పంపుతాడు. మీ ఒక్కరికే పదివేలు పంపితే వాడికేం గిట్టుతుంది? దాడి చేసేవాడికి మీరు చదవక్కర్లేదు, పెట్టె నిండితే చాలు.

క్యూ_కాపలా:
ఉద్దేశం సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? 1999లో మెయిళ్ల ద్వారా పాకిన మెలిస్సా వైరస్ ఎవరినీ గురిపెట్టలేదు. సోకిన ప్రతి కంప్యూటర్ నుంచీ అడ్రస్ బుక్‌లోని మొదటి 50 మందికి తనంతట తానే వెళ్లింది. అయినా మెయిల్ సర్వర్లు మునిగాయి. అది స్పామూ కాదు, మీరు చెప్పే దాడీ కాదు.

లాగ్_చదువరి:
మెలిస్సా విషయంలో మీ మాట నిజమే. అందుకే నేను సర్వర్ లాగ్‌లో (వచ్చిన మెయిళ్ల చిట్టాలో) రెండు కాలమ్‌లే చూస్తాను: ఎవరికి, ఎవరి నుంచి. మామూలు స్పామ్‌లో అందుకునేవాళ్లు బోలెడుమంది, విషయం దాదాపు ఒకటే. ఇక్కడ అడ్రస్ ఒక్కటే, పంపేవాళ్లు వందల సైట్లు. అన్నీ ‘మీ సబ్‌స్క్రిప్షన్ నిర్ధారించండి’ అనేవే. పంపింది అసలు సైటేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ తనిఖీలు రెండూ పాస్. పంపినవి నిజమైన సైట్లే కాబట్టి ఫిల్టర్ నోరెత్తదు. ఎవడో మీ అడ్రస్‌ను స్క్రిప్ట్‌తో వాటన్నిటిలో నమోదు చేశాడన్నమాట.

హెల్ప్‌డెస్క్_పక్షి:
పేరు ఏదైనా పెట్టుకోండి, కానీ ‘అన్నీ డిలీట్’ మాత్రం నొక్కనివ్వకండి. ఆ చెత్త కింద బ్యాంకు హెచ్చరికో, పాస్‌వర్డ్ మార్పు నోటీసో దాగి ఉండొచ్చు. ముందు వాటిని వెతకాలి. 2024లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన పద్ధతి ఇంకో రకం: ముందు మెయిళ్లతో ముంచెత్తడం, తర్వాత ‘ఐటీ సపోర్ట్ నుంచి, స్పామ్ ఆపుతాం’ అని ఫోన్ చేసి క్విక్ అసిస్ట్ అనే విండోస్ రిమోట్ యాప్‌తో కంప్యూటర్‌లోకి దూరడం. స్పామే కదా అనుకున్నవాళ్లే ఆ ఫోన్‌ను నమ్ముతారు.

క్యూ_కాపలా:
సరే, సబ్‌స్క్రిప్షన్ల వరద దాడే. మరి బౌన్సుల (చేరక వెనక్కొచ్చే మెయిళ్ల నోటీసుల) సంగతి? ఎవడో నా అడ్రస్ ఫోర్జ్ చేసి లోకమంతా స్పామ్ పంపాడు, తిరిగొచ్చిన బౌన్సులన్నీ నా పెట్టెలోనే పడ్డాయి. అడ్రస్ ఒక్కటే, పంపేవాళ్లు వందలు. మీ రెండు కాలమ్‌ల ప్రకారం అదీ దాడే అవ్వాలి. కానీ వాడికి నేనెవరో కూడా తెలియదు!

లాగ్_చదువరి:
బౌన్సుకి పంపినవారి అడ్రస్ ఖాళీగా ఉంటుంది, అక్కడే తేడా దొరుకుతుంది. దాన్ని నేను స్పామ్ ఖాతాలోనే వేస్తాను. మీ పెట్టె నిండిపోయినా సరే.

క్యూ_కాపలా:
నా పెట్టె నిండాక కూడానా? అది మాత్రం ఒప్పుకోను.