అప్‌డేట్: రాగి శుద్ధిలో అడుగున చేరే నల్ల బురద

రాగిని కరెంటుతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున చేరే నల్ల బురదను పారేస్తారా అని మా అబ్బాయి పాఠం చూసి అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పారేయరు, అసలు సంపదంతా అందులోనే ఉంది! ఆనోడ్ పలకలో (ప్లస్ వైపు కలిపే, శుద్ధి కాని రాగి) రాగి కరిగి కాథోడ్ (మైనస్ వైపు కలిపే పలక) మీద 99.99 శాతం స్వచ్ఛంగా పేరుకుంటుంది, ఇనుము, నికెల్ లాంటివి కరిగి ద్రావణంలోనే ఉండిపోతాయి, బంగారం, వెండి మాత్రం అర వోల్టు కూడా ఉండని ఆ కొద్దిపాటి వోల్టేజీకి లొంగక పొడిలా రాలి కిందికి దిగుతాయి. ప్రపంచంలో సెలీనియం అనే మూలకం ఎక్కువ భాగం ఈ బురద నుంచే వస్తుందంటే నమ్మలేకపోయాను.

నిన్న మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో పాత కేబుల్ తీగ, పెన్సిల్ ములుకు పెట్టి బ్యాటరీ కలిపాం. ములుకు మీద ఎర్రటి పొర పట్టింది, బురద మాత్రం రాలేదు. తీగ ముందే శుద్ధి చేసిన రాగి కదా, మావాడే కనిపెట్టి చెప్పాడు.