ఎడగారు: ఎండ కారా, నడిమి కారా?

పెన్నకాలవ (నెల్లూరు జిల్లా, సంగం పక్క):
సెలవులకొచ్చిన మా మనవడు పేపర్లో "ఎడగారుకు నీళ్లు" అన్న వార్త చూసి, "జేజీ, ఎడ గారు ఎవరు?" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం గానీ, ఆ మాట ఎక్కడిదో చెప్పబోతే నాకూ నోరు పెగల్లేదు. ఉగాది దాటాక నారు పోసి, ఎండల్లో నాటి, ఆగస్టు-సెప్టెంబరుల్లో కోసే వరి. అంతవరకే తెలుసు. మా నాన్నయితే అది "ఎండకారు", నోరు తిరగక ఎడగారు అయిందనేవాడు. నిజమేనా?

తెలుగుపంతులు:
ఎండ కాదక్కా. కుండ కుడ కాలేదు, పండు పడు కాలేదు. ఎండ ఒక్కటే ఎడ ఎందుకవుతుంది? ఇది ఎడ + కారు. ఎడ అంటే నడుమ, సందు. ఎడం, ఎడబాటు, ఎడతెరిపి లేని వాన, అన్నీ ఆ ఇంటి పిల్లలే. కారు అంటే పంటకాలం. సమాసంలో క కాస్తా గ అయింది.

నల్లరేగడి (టంగుటూరు):
మాకు శనగ, పొగాకు. ఈ మాట నెల్లూరులో మా మేనమామ ఇంట్లోనే విన్నా. పంతులుగారూ, ఏడాదికి రెండు పంటలైతే ఒకటి ముందు, ఒకటి తర్వాత. ఇందులో నడుమ ఎక్కడుంది? మూడుంటే కదా నడిమిది! నాకైతే ఇది ఎడమలోని ఎడ అనిపిస్తోంది. పెద్ద పంట కుడిచెయ్యి, ఇది ఎడమచెయ్యి.

తెలుగుపంతులు:
తమిళంలో ఎడమ "ఇడం", నడుమ "ఇడై". రెండూ వేరు.

పెన్నకాలవ:
నడుమ ఎక్కడో నేను చెప్తా. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పెద్ద పంట వాటి మీదే. మా జేజి కాలంలో మొలగొలుకులనే పాత వరి వేస్తే ఐదారు నెలలు మడి వదిలేది కాదు. అది కోశాక మళ్లీ పెద్ద పంట నాటేదాకా నేల ఖాళీ. ఆ ఖాళీలో నీళ్లున్నవాడు వేసుకునేదే ఎడగారు. ఇప్పుడంటే 34449 లాంటి వరి రకాలు నాలుగు నెలల్లో చేతికొస్తున్నాయి, సోమశిల జలాశయం నిండితే చాలామంది వేస్తున్నారు. అందుకే పంతులుగారి నడుమే నాకు నప్పింది. నాన్న మాట పోయినట్టే.

పనిలో పనిగా ఒకటి. పంట రుణం ఫారంలో ఖరీఫా రబీయా అని రెండే గళ్లు. మాది ఎడగారండీ అంటే కౌంటర్లో అబ్బాయి నన్ను వింతగా చూశాడు. ఏదో ఒకటి రాయమన్నాడు, రాశా.

నల్లరేగడి:
సరే, ఎడ వదిలేద్దాం. కారు సంగతేంటి? కారుమబ్బు, కారుచీకటి అంటే నలుపు. ఎండల్లో నాటే పంటకి ఆ నలుపెందుకు?

తెలుగుపంతులు:
ఇది అసలు ప్రశ్న. నలుపు నుంచి మబ్బు, మబ్బు నుంచి వానకాలం, అక్కణ్ణుంచి పంటకాలం. మాట అలా సాగిందని నా లెక్క. తమిళంలో కార్ అంటే ఇప్పటికీ నలుపు, మబ్బు, వానకాలం మూడూ. మన "తొలకారు మెరుపు"లో ఉన్నదీ అదే కారు. కన్నడిగుల "కార హుణ్ణిమె" జ్యేష్ఠ పౌర్ణమి నాడు, సరిగ్గా మన ఏరువాక రోజు. వాళ్లూ ఎద్దుల్ని అలంకరిస్తారు. తిరునెల్వేలిలో తామ్రపర్ణి కింద జూన్‌లో మొదలయ్యే వరిని "కార్" అంటారు, ఈశాన్య వానల్లో పెరిగే పెద్ద పంట "పిశానం". మీ నెల్లూరు లెక్కకి ఎంత దగ్గరో చూడండి. కొందరు కారుని కార్తెతో ముడిపెడతారు గానీ నాకు ఎక్కదు. కార్తె పదమూడు పద్నాలుగు రోజులు, కారు నెలల తరబడి.

పెన్నకాలవ:
ఎండల్లో నాటితే మాత్రం ఏం, కోసేది మబ్బుల కిందేగా! పోయినేడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, సాయంత్రం నాలుగింటికి వాన. పట్టలు కప్పేలోపు అంచున ఉన్నవి తడిసి మూడో రోజుకి మొలకొచ్చాయి. పుట్టికి (అది మా వడ్ల కొలత) 850 కిలోలు తూచేచోట తేమ ఎక్కువని ఇంకాస్త కోత పెట్టారు. నా వరకు కారు అంటే ఆ మబ్బే.

నల్లరేగడి:
కారు ఒప్పుకున్నా. ఎడమ మాత్రం ఇంకా వదల్లేదు. మేనమామ వచ్చే వారం ఒంగోలు వస్తున్నాడు, ఆయన్నే అడుగుతా.