ఆరేడు గంటల్లో అయిపోయే, పెద్దగా పేరు రాని లీనియర్ యాక్షన్ గేమ్స్ చెప్పండి

వైట్‌ఫీల్డ్_రాత్రిషిఫ్ట్
అందరికీ నమస్తే. వారమంతా నాకు యూఎస్ షిఫ్ట్. శనివారం రాత్రి రెండు మూడు గంటలు మాత్రం నావి. ఎటైనా తిరగగలిగే ఓపెన్ వరల్డ్ గేమ్ ఏదైనా మొదలుపెడితే, వారం తర్వాత మళ్లీ తెరిచేసరికి ఏ బటన్ దేనికో, ఎవరి దగ్గరికి వెళ్తున్నానో మర్చిపోతున్నాను. మ్యాప్ నిండా గుర్తులు చూస్తే ఆఫీసులో పెండింగ్ టికెట్లు గుర్తొస్తాయి. ఒకే దారిలో నడిపించి, కథ చెప్పి ముగించేవి కావాలి. అందరూ చెప్పే పెద్ద పేర్లు వద్దు. పీసీ పాతది, ఎస్.పి. రోడ్‌లో కొన్న జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉంది.

బెళ్లందూరు_బాబాయ్
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. ముందు బైనరీ డొమైన్ ఆడండి. 2012లో వచ్చింది, యాకుజా గేమ్స్ తీసిన సెగా టీమే చేసింది. 2080లో టోక్యో, ఎదురుగా రోబోలు. కాలికి కాలిస్తే కాలు ఊడిపోతుంది, అయినా ఆ రోబో ఆగదు. చేతులతో పాక్కుంటూ మీ మీదికే వస్తుంది. తల ఎగరగొడితే తనవాళ్లెవరో తెలియక పక్కనున్న రోబోలనే కాలుస్తుంది. ఒక్కో తూటాకీ ఎదుటి రోబో ఒంటి మీద గుర్తు కనిపిస్తుంది. ఇంత పెద్ద బడ్జెట్ గేమ్స్ వస్తున్నా ఆ తృప్తి మళ్లీ దొరకలేదు నాకు.

తర్వాత వాన్‌క్విష్, 2010. ప్లాటినం గేమ్స్ వాళ్లది, దర్శకుడు షింజీ మికామి. మోకాళ్ల మీద రాకెట్‌లా జారుతూ కాల్చడమే ఆట. హీరో వేసుకున్న సూట్ వేడెక్కితే చల్లారేదాకా మీరు దొరికిపోయినట్టే, అందుకే ప్రతి రెండు సెకన్లకీ ఒక నిర్ణయం. సింగ్యులారిటీ కూడా 2010దే, రేవెన్ సాఫ్ట్‌వేర్ చేసింది. చేతికి కట్టుకున్న పరికరంతో కాలాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. విరిగిన మెట్లు మీ కళ్ల ముందే కొత్తవవుతాయి, ఎదురొచ్చిన సైనికుడు ముసలివాడై బూడిదవుతాడు. కథ మీద ఇష్టం ఉంటే ఎన్‌స్లేవ్డ్. చైనా వాళ్ల పాత కథ ‘పశ్చిమ యాత్ర’ను శిథిలమైన అమెరికాలోకి తెచ్చి పెట్టారు. ఇవన్నీ మీ కార్డు మీద హాయిగా నడుస్తాయి.

తిరుపతి_టు_బెంగళూరు
టైటాన్‌ఫాల్ 2 క్యాంపెయిన్, అంటే ఒంటరిగా ఆడే కథ భాగం. ఇంకేం ఆలోచించకండి.

కడప_కీబోర్డ్
మెట్రో 2033, లాస్ట్ లైట్, ఎక్సోడస్. మూడూ వరసగా ఆడితేనే కథ పూర్తవుతుంది.

సీమ_రెట్రో
కడప అన్నా, ఎక్సోడస్ లీనియర్ ఎలా అవుతుంది? వోల్గా, కాస్పియన్ భాగాలు పెద్ద మైదానాలే కదా.

బీటీఎం_పీజీ
బాబాయ్ లిస్ట్ చూశాను. మంచివే కావచ్చు. కానీ ఐదారు గంటల గేమ్‌కి డబ్బులు పెట్టమని కొత్తవాళ్లకు చెప్పడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. కన్సోల్ మీద కొత్త పెద్ద గేమ్ సుమారు 5,000 రూపాయలు. అది ఆరు గంటల్లో అయిపోతే గంటకు 800 పైన పడుతుంది. వంద గంటల గేమ్‌కైతే గంటకు 50.

నాకు తగిలింది కాబట్టి చెప్తున్నాను. మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది ఒక పాత డిస్కుల షాపులో 2,000 పెట్టి ఇలాంటి గేమే కొన్నాను. శుక్రవారం రాత్రి పెట్టాను, శనివారం మధ్యాహ్నం భోజనానికి లేవకముందే పేర్లు పడ్డాయి. సోమవారం వెనక్కి తీసుకెళ్తే 600 ఇస్తానన్నాడు. ఆ నెల చివరి పది రోజులు పీజీలో పెట్టే సాంబారన్నమే. మూడు నెలలు దాచిన డబ్బు అది.

బెళ్లందూరు_బాబాయ్
తమ్ముడూ, నేను చెప్పినవాటిలో ఏదీ 5,000 కాదు. అన్నీ పదేళ్లు దాటినవి, సేల్‌లో కొన్ని వందలకే వస్తాయి. ఆ లెక్క వీటికి పట్టదు.

కడప_కీబోర్డ్
సీమ, ఎక్సోడస్‌లో మైదానం ఉన్నా కథ రైలు పట్టాల మీదే వెళ్తుంది. నిజంగానే రైల్లో వెళ్తుంది. ఒక ప్రాంతం వదిలితే వెనక్కి రాలేవు. అది లీనియరే.

బీటీఎం_పీజీ
బాబాయ్, అక్కడే నా అసలు అభ్యంతరం. ఈ గేమ్స్ అంత గొప్పవని మీరంటున్నారు, మరి విడుదలైన రోజు పూర్తి ధర పెట్టి ఎన్ని కొన్నారు? టైటాన్‌ఫాల్ 2 సంగతి చూడండి. 2016 అక్టోబర్‌లో బ్యాటిల్‌ఫీల్డ్ 1 వచ్చిన వారానికి వచ్చింది, ఇంకో వారానికే కాల్ ఆఫ్ డ్యూటీ దిగింది. ఆ రెండింటి మధ్య నలిగిపోయింది. అప్పుడు కొననివాళ్లంతా ఇప్పుడు పొగుడుతున్నారు. సింగ్యులారిటీ తర్వాత రేవెన్ వాళ్లను కాల్ ఆఫ్ డ్యూటీ పనిలోనే పెట్టారు. సేల్ వచ్చేదాకా ఆగి, తర్వాత ఇలాంటివి ఇప్పుడు రావడం లేదని బాధపడటం న్యాయమా?

బెళ్లందూరు_బాబాయ్
ఈ మాట ఒప్పుకుంటాను. వాన్‌క్విష్ నేను సేల్‌లోనే కొన్నాను. బైనరీ డొమైన్ మాత్రం వచ్చిన నెలలోనే పూర్తి ధరకు కొన్నాను, ఆ డిస్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కానీ నువ్వు రెండు మాటలు కలిపేస్తున్నావు. ఒకసారి ఆరు గంటలకు అంత డబ్బు దండగ అంటున్నావు, ఇంకోసారి పూర్తి ధర ఎందుకు పెట్టలేదంటున్నావు. ఏదో ఒకటి చెప్పు.

నా మాట ఒక్కటే. గంటల లెక్కన కొలిస్తే ఒకే శత్రువును నాలుగు వందల సార్లు చంపించే గేమే గొప్పదవుతుంది. బైనరీ డొమైన్‌లో ఒక ఫైట్ రెండోసారి రాదు. ఒక అధ్యాయంలో నీళ్ల మీద, ఇంకో అధ్యాయంలో పరిగెత్తే ట్రక్కు వెనక. ఎక్కడ ఏం జరగాలో మనిషి కూర్చుని ఆలోచించి పెట్టాడు. ఆ శ్రమకు నేను డబ్బు ఇస్తాను. కొలత పాత్రతో కథ కొనేవాడికి అది తెలియదు.

బీటీఎం_పీజీ
కొలత పాత్రా? మీకు సొంత ఇల్లు, స్థిరమైన ఉద్యోగం ఉంటే అలా అనగలరు. నన్ను పోయిన ఏడాది ఉద్యోగం నుంచి తీసేశారు. ఐదు నెలలు ఖాళీ. ఆ ఐదు నెలల్లో కొన్నది ఒక్క గేమ్, అదీ పెద్దది కాబట్టే కొన్నాను. ప్రతి సైడ్ మిషన్ చేశాను, ప్రతి గుహలోకీ వెళ్లాను. దాన్ని మీరు తక్కువ చేసి మాట్లాడకండి.

తిరుపతి_టు_బెంగళూరు
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన మాటే లేదు మధ్యలో.

సీమ_రెట్రో
మన దేశం గేమ్ ఒక్కరూ చెప్పలేదేంటి? రాజీ, పుణేలో నోడింగ్ హెడ్స్ వాళ్లు చేశారు, 2020. సర్కస్‌లో పెరిగిన అమ్మాయి, తమ్ముణ్ని రాక్షసులు ఎత్తుకుపోతే దుర్గమ్మ ఇచ్చిన ఆయుధాలతో బయలుదేరుతుంది. కథ దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ చెప్తారు. ముగింపు కాస్త చటుక్కున తెగిపోతుంది, అది నిజం. కానీ గోడల మీద పరుగెత్తి స్తంభం పట్టుకుని తిరుగుతూ కొట్టే దెబ్బ ఒక్కసారి చూడండి.

బెళ్లందూరు_బాబాయ్
బీటీఎం, నీ ఉద్యోగం సంగతి నాకు తెలియదు. కొలత పాత్ర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, తప్పు నాదే.

నాకెందుకు అంత కోపం వచ్చిందో చెప్తాను. మా అమ్మాయి పుట్టాక మూడేళ్లలో ఐదు పెద్ద గేమ్స్ మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తవలేదు. నలభై శాతం దగ్గర ఒకటి, ముప్ఫై దగ్గర ఒకటి. కథలో మనుషులు ఏమయ్యారో ఈరోజుకీ తెలియదు. ఆఫీసులో ఏ పనీ పూర్తి కాదు, రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్కూ పూర్తి కాదు. పాప పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్‌స్లేవ్డ్ నాలుగు రాత్రుల్లో ముగించాను. అందులో మంకీ అనేవాడి నుదుటికి ట్రిప్ అనే అమ్మాయి ఒక పట్టీ కడుతుంది. ఆమె చనిపోతే అతనూ చనిపోతాడు. మొదట్లో అది సంకెల. చివరికి అది ఏమవుతుందో చెప్పను. తెరమీద పేర్లు పడుతుంటే కదలకుండా కూర్చున్నాను. నాకు ముగింపు కావాలి, అంతే.

బీటీఎం_పీజీ
సరే బాబాయ్. మీరు మనసులో మాట చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. డబ్బు లెక్క నిజమే, కానీ అదొక్కటే కాదు.

నాకు ముగింపు వద్దు. ఆ ఐదు నెలలూ రూమ్‌మేట్ పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి పదికి వచ్చేవాడు. ఇంట్లో ఉద్యోగం పోయిందని చెప్పలేదు. రోజూ అదే ఊళ్లోకి వెళ్లి అదే గుర్రం ఎక్కి తిరిగేవాణ్ని. సత్రం దగ్గర ఒక ముసలాయన ఉంటాడు, ఎప్పుడు వెళ్లినా ఒకే మాట అంటాడు. ఆ మాట వినడానికి దారి మార్చుకుని వెళ్లిన రోజులున్నాయి. మీ ఆరు గంటల గేమ్‌లో పేర్లు పడ్డాక ఏముంటుంది? నల్లటి తెర మీద నా ముఖమే. అందుకే చిన్న గేమ్ అంటే నాకు భయం. ఇప్పుడు ఉద్యోగం దొరికింది, అయినా ఆ భయం పోలేదు.

బెళ్లందూరు_బాబాయ్
ఇది ముందే చెప్పి ఉంటే రూపాయల మీద ఇన్ని పోస్టులు కొట్టుకునేవాళ్లం కాదు తమ్ముడూ. నీకు చిన్న గేమ్ ఆడమని చెప్పను. కానీ రాత్రిషిఫ్ట్‌కు పెద్దది ఆడమని నువ్వూ చెప్పకు. ఆయనకు కావాల్సింది వేరే.

బీటీఎం_పీజీ
చెప్పను. కానీ కొత్త గేమ్‌కి 5,000 తీసుకుని ఆరు గంటలు ఇవ్వడం తప్పే అంటాను. ఆ మాట మారదు.

కడప_కీబోర్డ్
ఎక్సోడస్ లీనియరే.

తిరుపతి_టు_బెంగళూరు
స్పెక్ ఆప్స్ ది లైన్ అని రాయబోయి ఆగిపోయాను. 2024 జనవరిలో స్టోర్లలోంచి తీసేశారు. ముందే కొన్నవాళ్లు దించుకోవచ్చు. కథంతా ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్‌లో జరుగుతుంది. డిస్కు ఎవరి దగ్గరైనా ఉంటే అమ్మకండి.

వైట్‌ఫీల్డ్_రాత్రిషిఫ్ట్
అందరికీ థాంక్స్. నిన్న శనివారం రాత్రి సింగ్యులారిటీ పెట్టాను. పదకొండుకు మొదలుపెడితే మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, అయినా రెండింటికి సగం దగ్గరికి వచ్చాను. బాబాయ్ చెప్పిన మెట్లు వచ్చాయి. తుప్పు పట్టి కిందికి వేలాడుతున్న ఇనుప మెట్లు ఒక్కొక్కటే లేచి, రంగు తిరిగి, గోడకు అతుక్కున్నాయి. ఎక్కకుండా మళ్లీ పాతవి చేశాను, మళ్లీ కొత్తవి చేశాను. నాలుగుసార్లు. వచ్చే శనివారానికి అయిపోతుంది.

బీటీఎం అన్నా, మీరు తిరిగిన ఆ గుర్రం గేమ్ పేరు కూడా చెప్పండి. నాకు దసరాకు పది రోజులు లీవ్ ఉంది.