పర్లాకిమిడి పాతింటి టేకు కిటికీలను బాగుచేయడం ఎలా?

పర్లాకిమిడిలో మా తాతగారి పెంకుటింటికి వీధివైపు నాలుగు టేకు కిటికీలున్నాయి. 1936లో ఊరు ఒడిశాలో కలిసేనాటికే అవి పాతవట! మూడు తరాల రంగు పొరలు కట్టి, వానాకాలంలో రెక్కలు మూసుకోవడం లేదు. పైకర్ర రాయిలా ఉంది. నీరు నిలిచే అడుగు చట్రంలో మాత్రం గోరు దిగుతోంది. వడ్రంగి అన్నీ పీకేసి అల్యూమినియం పెట్టమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు (అమ్మకు ఎప్పుడో ఒప్పింది, అది వేరే సంగతి).

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక పొడిగా గీకకూడదని తెలుసు. తడిపి గీకితే టేకు పాడవుతుందా? కుళ్లిన ముక్క వరకే కోసి కొత్త టేకు అతికితే నిలుస్తుందా? పైన అవిసె నూనె చాలునా, రంగు తప్పదా? బరంపురం, పాతపట్నం వైపు ఇలాంటి పని చేయించినవారెవరైనా ఉంటే, కూలి ఎంతయిందో కూడా దయచేసి చెప్పండి.