పూర్వ పరిశోధనల అధ్యాయం చదివింపుల జాబితాలా ఉందట, ఎలా తిరగరాయాలి?

ప్రశ్న (లాసన్స్ బే):
విశాఖపట్నం తీరపు నీటిలో ఫాస్ఫేటు ఎంత ఉంది, దానితోపాటు ప్లవకాలు (నీటిలో తేలాడే సూక్ష్మజీవులు) ఎలా పెరుగుతున్నాయి అన్నది నా పీహెచ్‌డీ అంశం. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున లాసన్స్ బేలో నీళ్లు పట్టుకొచ్చి, వడగట్టి, రీఏజెంట్ కలిపి, ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత ముదిరే నీలిరంగు కోసం పది నిమిషాలు ఆగడం మూడేళ్లుగా అలవాటైన పని. రాయడం దగ్గరే ఆగిపోయాను. పద్ధతి చరిత్రను ఇలా రాశాను: "1920లో బెల్, డాయిజీ ఒక పద్ధతిని ప్రతిపాదించారు. 1922లో బ్రిగ్స్ దానిని సవరించారు. 1925లో ఫిస్క్, సుబ్బారావు మరొక పద్ధతిని ప్రతిపాదించారు. 1962లో మర్ఫీ, రైలీ..." మా గైడుగారు చదివి, "పెళ్లిలో చదివింపుల జాబితాలా ఉంది, ఇందులో చరిత్ర ఎక్కడమ్మా?" అన్నారు. నిజమేననిపించింది. కానీ సరిచేయడం తెలియడం లేదు.

జవాబు (వాల్తేరు మాస్టారు):
ఆ పత్రాలను తెరిచి చదివావా తల్లీ, లేక వేరొకరి థీసిస్ నుంచి పేర్లు తెచ్చుకున్నావా? ఎమ్మెస్సీ పిల్లలకు జీవరసాయనం చెప్పినన్నాళ్లూ నేను మొదట అడిగిన ప్రశ్న ఇదే.

నీ వాక్యాలలో ఎవరు, ఎప్పుడు అన్నవి ఉన్నాయి. ఏ ఇబ్బంది వచ్చి ఆ పని చేశారన్నది లేదు. బెల్, డాయిజీ పద్ధతిలో నీలిరంగు త్వరగా వెలిసిపోయేది. బ్రిగ్స్ ఆమ్ల ద్రావణంలో దానిని నిలబెట్టారు, కానీ రంగు రావడానికి చాలాసేపు పట్టేది. ఫిస్క్, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు రంగు తెప్పించే పదార్థాన్నే మార్చి ఆ ఆలస్యాన్ని తగ్గించారు.

ఆ తర్వాత జరిగింది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. కండరం నుంచి తీసిన ద్రవంతో పరీక్ష చేస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. పరీక్ష చెడిందని వారు పారబోయలేదు, ఆ ఆలస్యం వెంటే పడ్డారు. కండరంలో ఫాస్ఫేటంతా విడిగా లేదు. క్రియాటిన్ అనే కండరంలోని పదార్థంతో ముడిపడి ఉన్న ఫాస్ఫేటు పరీక్షలోని ఆమ్లానికి కొద్దికొద్దిగా విడిపోతూ రంగునిస్తోంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది అలాగే. అదే ఏడాది ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా ఆ పదార్థాన్నే పట్టుకుని "ఫాస్ఫాజెన్" అని పేరు పెట్టారు. సుబ్బారావుగారు మన భీమవరంలో పుట్టినవారన్న అభిమానం నాకూ ఉంది, అయినా ఎగల్టన్ దంపతుల పేరు వదలకూడదు.

జవాబు (హార్బర్ రోడ్డు):
మాస్టారు చెప్పినదానికి సముద్రం వైపు నుంచి ఒక మాట. మర్ఫీ, రైలీ కంటే ముందు సముద్రపు నీటిలో రంగు తెప్పించడానికి స్టానస్ క్లోరైడ్ వాడేవారు. ఉప్పు ఎక్కువైనా, నీటి ఉష్ణోగ్రత మారినా అంకె మారిపోయేది. ఆస్కార్బిక్ ఆమ్లం, కొద్దిగా యాంటిమొనీ, అన్నీ ఒకే ద్రావణంగా కలపడం అందుకోసమే. ఎండాకాలంలో మన తీరపు నీళ్లు పరీక్షించేవారికి ఆ కారణం వేరే చెప్పక్కరలేదు. ఆ వాక్యం నీ థీసిస్‌లో ఉండాలి.

లాసన్స్ బే:
మాస్టారూ, పేర్లు తెచ్చుకున్న మాట నిజం. నిన్న 1925 పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాను. పేరా ఇప్పుడు ఇలా మొదలవుతోంది: "తొలి పద్ధతిలో నీలిరంగు నిలిచేది కాదు, నిలిచిన పద్ధతిలో త్వరగా వచ్చేది కాదు."

మీరు చెప్పిన ఆ ఆలస్యం నన్ను ఇంకోచోట పట్టుకుంది. నా పరీక్షలోనూ ఆమ్లం ఉంది. నీటిలోని కొన్ని సేంద్రియ ఫాస్ఫేట్లు అందులో విడిపోయి ఉండవచ్చు. ఈ పరీక్షలో తేలేదానిని "రియాక్టివ్ ఫాస్ఫరస్" (పరీక్షలో రంగునిచ్చే ఫాస్ఫరస్ అంతా) అని ఎందుకు అంటారో ఇన్నాళ్లూ అడగనేలేదు. మూడో అధ్యాయం పట్టికలన్నింటిలో "ఫాస్ఫేటు" అని రాసి ఉంచాను. ఈ రాత్రి కూర్చుని వాటి శీర్షికలు మారుస్తున్నాను.